బ్రాకెట్లో పేరు

గట్టులంక, ఏలూరు మండలం
2025 ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మా శాలినీ, మనం ఆర్మేనియా వెళుతున్నాం!

వందనాలు, క్షేమ సమాచారాలు ముందు రాయాలని నాకూ తెలుసు. చెయ్యి ఆగలేదు. ఆ ఒక్క మాటా రాసేసి, లేచి కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ కూర్చున్నాను. ప్రభువు నామమున నీకూ, అల్లుడుగారికీ, మనవరాలు మేధకీ వందనాలు. నేను క్షేమం. చెవులు మామూలే. నాతో ఫోనులో మాట్లాడ్డం గోడతో మాట్లాడ్డమే కాబట్టి ఈ ఉత్తరమే మన ఫోను.

ఆర్మేనియా ఎక్కడుందో నువ్వు టీచరువి కాబట్టి నీకు తెలుసు. నాకు ఈ పొద్దున తెలిసింది. తాడేపల్లిగూడెం పెద్ద మందిరం నుంచి పాస్టరు బెంజమిన్ గారు మన మందిరానికి వచ్చి, ఆరాధన అయ్యాక నన్ను ముందుకి పిలిచారు. ఎందుకో తెలియక, చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలానేమో అనుకుంటూ వెళ్లాను. ఆయన ఒక అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపించారు: "రాజరత్నం గారూ, సంఘం మిమ్మల్ని యాత్రకి పంపుతోంది." నేను రెండుసార్లు చదివాను. వెనక నుంచి ఎవరో నన్ను పట్టుకున్నారు, పడిపోతాననుకున్నారట.

సంఘానికి నూరేళ్లు నిండాయని ఈ మే నెలలో ఇరవై మందిని తీసుకెళుతున్నారు. అందులో రెండు సీట్లు మనకి. కొల్లేట్లో తాటిదోనెలు పోయి ఫైబరు పడవలు వచ్చిన ఏడు, నా చేతి కింద మిగిలిన ఆఖరి మానుతో ప్రసంగ బల్ల చేసి ఇచ్చాను చూడు, అది పెద్దలు మరిచిపోలేదు. రెండో సీటు ఇంట్లో ఒకరికి. మీ అమ్మ ఉంటే యేసమ్మే వచ్చేది. నీ తమ్ముడు శామ్యూలు చేపల లారీ వదిలి రాలేడు. కాబట్టి నువ్వే.

అక్కడ చూసేవన్నీ కరపత్రంలో వేశారు. దేశమంతా కొండలేనట. పదిహేడు వందల ఏళ్ల కిందట, రాజుతో సహా దేశం దేశమే మన విశ్వాసంలోకి వచ్చిందట. ఒకచోట కొండని తొలిచి లోపల మందిరం చేశారు. ఒక్క రాయి తెచ్చి పేర్చలేదు, తాటిమానులో దోనె తొలిచినట్టే తొలిచారు. ఆ పని ఎంత కష్టమో తొలిచినవాడికే తెలుస్తుందమ్మా. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే మళ్లీ అతికించడం ఉండదు. ఇంకోచోట నేలలో గొయ్యి. విశ్వాసం వదలనన్నందుకు ఒక భక్తుణ్ణి పదమూడేళ్లు అందులో పడేశారు. ఇప్పుడు ఇనప నిచ్చెన ఉంది, దిగి చూడొచ్చు. నా మోకాళ్లు ఎలా ఉన్నా నేను దిగుతాను, నువ్వు పైన నిలబడి చెయ్యి అందించు. సెవాన్ అనే చెరువు కొండ మీద ఉంది, మన కొల్లేరు ఎక్కి పైన కూర్చున్నట్టు. అన్నిటికన్నా ముఖ్యం, బైబిల్లో జలప్రళయం తరువాత ఓడ ఆగిన కొండ అక్కణ్ణించి కనబడుతుంది. కొండ పక్క దేశంలోదట, కనబడ్డం మాత్రం ఇటునుంచే. పడవలు చేసినవాణ్ణి, పడవ ఆగిన చోటు చూడొద్దూ. మూరెడు చేతిదోనె ఒకటి చెక్కడం మొదలుపెట్టాను. ఆ కొండ కనబడే చోట పెట్టి వస్తాను.

ఇక చెప్పాల్సిన వాళ్లు. భీమడోలు సీతారత్నం అత్తయ్యకి ముందు చెప్పు, ఆలస్యమైతే ఏడాది మాట్లాడదు. పెదవేగి సత్యానందం చిన్నాన్నకి, పామాయిలు తోట నుంచి ఇంటికొచ్చే వేళ చూసి చెయ్యి. శామ్యూలుకి, లారీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. మేధకి నా ముద్దులు పెట్టి చెప్పు. మీ అమ్మకి సమాధుల తోటకి వెళ్లి నేనే చెబుతాను.

మీ నాన్న
రాజరత్నం


తణుకు
ఫిబ్రవరి 15

నాన్నా,

వందనాలు. మీ ఉత్తరం చదివి మేధ గెంతింది. సెవాన్ చెరువు ఫోటోలు తీసి ఫోనంతా నింపింది. మీరు తప్పకుండా వెళ్లండి. అక్కడ మే నెలలో కూడా చలిగానే ఉంటుందట, స్వెట్టరూ ఉన్ని టోపీ నేను పంపుతాను. పచ్చడి సీసా చేతిసంచిలో పెట్టకండి, విమానంలో తీసేస్తారు. గొయ్యిలోకి మాత్రం దిగొద్దు.

నేను రాను. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీలు ఉన్నాయని అందరికీ చెప్పండి. అసలు కారణం మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, ఎందుకంటే సంతోషంలో మీకు ఏదీ గుర్తుండదు. స్కూలు రికార్డుల్లో నేను శాలినిని కాను, పుష్పలతని. నా ఎస్సీ కాగితంలో హిందువని ఉంది. క్రైస్తవులమని తేలితే ఆ కాగితం చెల్లదు. అది చెల్లకపోతే పంతొమ్మిదేళ్ల నా ఉద్యోగం చెల్లదు. ఇప్పుడు హెడ్‌మాస్టరు ప్రమోషన్ల లిస్టు తయారవుతోంది. నా పేరు పైనుంచి మూడోది. కింద ఉన్నవాళ్లు పైవాళ్ల కాగితాలు వెతికే రోజులివి.

యాత్ర కాగితాల్లో నా పేరు ఎక్కడా రాయించకండి. నా స్కూలు ఊసు ఎత్తకండి. ఇది చదివి చించెయ్యండి.

మీ
శాలిని


గట్టులంక
ఫిబ్రవరి 16, ఆదివారం

నా బంగారుతల్లి శాలినికి ప్రభువు నామమున వందనాలు.

నీ జవాబు రాకుండానే రెండో ఉత్తరం రాస్తున్నాను. సోమవారం దాకా ఆగితే ఈ సంతోషం పాసిపోతుంది. నిన్న తాడేపల్లిగూడెం వెళ్లాను. ఏలూరులో రైలెక్కితే భీమడోలు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఊరికి చేరాక మందిరం గేటు మీద చూద్దును కదా, ఇంత ఫ్లెక్సీ. ఇరవై మంది ఫోటోలు, వెనక మంచుకొండ. మధ్యలో మనిద్దరం. కొండ మన ఇద్దరి తలల మీద గొడుగు పట్టినట్టుంది.

నీ ఫోటో నేనే ఇచ్చాను, మేధ పుట్టినరోజుది. రాసే కుర్రాడు "కుమార్తె శాలిని" అని ఊరుకోబోయాడు. నేను ఒప్పుకోలేదు. తణుకు వైపు వాళ్లు నిన్ను పుష్పలత టీచరు అంటారు, మనవాళ్లు శాలిని అంటారు, సగంమంది ఎవరో అనుకుని పోరూ? అందుకని కాగితం మీద నేనే రాసిచ్చాను: శాలిని, బ్రాకెట్లో పుష్పలత, ప్రభుత్వ ఉపాధ్యాయిని, తణుకు. అక్షరం తప్పు లేకుండా వేశారు. దోనెల మేస్త్రీ కూతురు గవర్నమెంటు టీచరని స్టేషన్ రోడ్డున పోయేవాళ్లంతా చదువుతున్నారు. ఒకాయన స్కూటరాపి సెల్లుతో రెండు ఫోటోలు తీసుకున్నాడు. నేను పక్కన నిలబడి, ఆ తండ్రిని నేనే అని సైగ చేశాను. ఆయన నమస్కారం పెట్టి, నన్ను కూడా కలిపి ఇంకోటి తీసుకున్నాడు. ఎంత మర్యాదస్తుడో.

మే 12న బయల్దేరడం. మొదటి రెండు రోజులు యెరెవాన్ పట్నం, మూడో రోజు గొయ్యీ, కొండ కనబడే చోటూ. చేతిదోనెకి ముందు మొన, అణెం దాకా వచ్చాను.

మీ నాన్న


తణుకు
ఫిబ్రవరి 19

నాన్నా,

ఇది అందిన గంటకి బయల్దేరి వెళ్లి ఆ ఫ్లెక్సీ దింపండి. ఆదివారం దాకా ఆగొద్దు. పాస్టరుగారిని అడగొద్దు. దింపాక చెప్పండి.

ఇరవై మందిలో బ్రాకెట్టు నా ఒక్కదానికే ఉండి ఉంటుంది. ఊరంతా వెతికినా ఆ రెండు పేర్లూ కలిసి ఒకచోట ఉన్న కాగితం ఇంతకుముందు ఒక్కటీ లేదు.

శాలిని


గట్టులంక
ఫిబ్రవరి 23

అమ్మా,

దింపేశాను. నీ రెండు ఉత్తరాలూ పోస్టుమేను ఒకేసారి ఇచ్చాడు, ముందుది నాలుగు రోజులు ఎక్కడ నిద్రపోయిందో. చదివిన వెంటనే బాడిస సంచిలో వేసుకుని రైలెక్కాను. దోనెలు చెక్కిన చేత్తో తాళ్లు నరకడం ఎంతసేపు. నిచ్చెనెక్కి మూడు తాళ్లు నరికాక కింద జనం చేరారని చూశాను. నోళ్లు ఆడుతున్నాయి, నాకేం వినబడుతుంది. దొంగ అనుకున్నారో, మతి పోయిందనుకున్నారో. బెంజమిన్ గారు పరుగున వచ్చి అట్టా పెన్నూ తీసి, "ఎందుకండీ?" అని రాశారు. నీ సంగతి రాసి చూపించాను. ఆయన అది చదివి, "మీ అమ్మాయికి మన పేరు అంత బరువయిందా?" అని రాశారు. నేను మిగతా తాళ్లు నరికాను. రెండో పేరు రాయించింది నేనే కదా. బళ్లో వేసిన రోజు హెడ్‌మాస్టరుగారు, మందిరంలో పెట్టిన శాలిని పేరు రాస్తే స్కాలర్‌షిప్పు రాదు, మంచి పేరేదైనా చెప్పండి అంటే, బయట కుండీలో పువ్వులు కనబడి పుష్పలత అన్నాను.

ఫ్లెక్సీ చుట్టి తెచ్చి కట్టెల మీద కప్పాను, బొమ్మ లోపలి వైపుకి. ఎవరికీ కనబడదు. నువ్వు రావని పాస్టరుగారికి చెప్పాను. నేనొక్కణ్ణే వెళతాను. నా పేరుకి బ్రాకెట్టు లేదు, నా వల్ల నీకేం ఇబ్బంది ఉండదు. స్వెట్టరు అందింది. వేసుకుని చూశాను, ఈ ఎండలో చెమట పట్టింది, అయినా కాసేపు విప్పలేదు.

స్కూటరాయన ఫోటో సంగతి నువ్వు అడగలేదు. నేనే అనుకుంటున్నాను, అంత మర్యాదగల మనిషి చెడు తలపెట్టడని.

మీ నాన్న


తణుకు
మార్చి 20

నాన్నా,

నోటీసు వచ్చింది. ఫిర్యాదు పెట్టింది మా స్కూలాయనే, ప్రమోషన్ లిస్టులో నా కింద ఉన్నాయన. దానికి జతచేసినవి రెండు ఫ్లెక్సీ ఫోటోలు. రెండోదానిలో మీరు ఫ్లెక్సీ పక్కన నిలబడి, నవ్వుతూ, వేలితో మిమ్మల్ని చూపించుకుంటున్నారు. అంత సంతోషంగా ఉన్న మీ ఫోటో మన ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

కాగితం ఇచ్చింది ఏలూరు మండలం కాబట్టి విచారణ అక్కడే. నన్ను ఏప్రిల్ 7న, మిమ్మల్ని 8న పిలిచారు. ప్లీడరుగారు చెప్పింది రాస్తున్నాను. మీరు హిందువునని, బాప్తిస్మం తీసుకోలేదని, దోనెల పని మూలంగా మందిరం వాళ్లతో పరిచయం తప్ప వేరే ఏమీ లేదని చెప్పాలి. యాత్ర మానుకోవాలి. మీరూ నేనూ సంఘ సభ్యులం కామని పాస్టరుగారి చేత ఉత్తరం తేవాలి. ఆ రోజు బొట్టు పెట్టుకుని వెళ్లాలి.

మీకు కొండ చూడాలని ఉంది. నాకు మేధని చదివించాలని ఉంది. అల్లుడుగారి ప్రైవేటు జీతం సంగతి మీకు తెలుసు.

శాలిని


గట్టులంక
మార్చి 24

అమ్మా శాలినీ,

యాత్ర మానుకుంటాను. అది పెద్ద మాట కాదు. నీ కోసం వేరే ఎన్ని అబద్ధాలైనా చెబుతాను. క్రైస్తవుణ్ణి కానన్న ఆ ఒక్క మాట మాత్రం నా చేత అనిపించకు. మా తాత ఆ మాట అననందుకు ఊరి బయట కూడా చోటు లేక గట్టు మీద గుడిసె వేశాడు. నాకు చెవుడు కదా, మతి కూడా సరిగా లేదని డాక్టరు చేత రాయించు. పిచ్చివాడు ఏదో రాయించాడని వదిలేస్తారు. నేను పిచ్చివాడిలా కూర్చుంటాను. అది నాకు చేతనవును.

మీ నాన్న


తణుకు
మార్చి 28

నాన్నా,

పిచ్చివాడి కూతురికి ప్రమోషన్ ఇవ్వరని కాదు. ప్లీడరుగారిని అడిగాను, అది చెల్లదన్నారు.

ఆ ఒక్క మాట నేను పంతొమ్మిదేళ్లుగా రోజూ చెబుతున్నాను. పొద్దున బస్సులో బొట్టు పెట్టుకుంటాను, సాయంత్రం ఇంటి సందు మొదట్లో తుడుచుకుంటాను. మేధ చిన్నప్పుడు ఒకసారి, అమ్మా నీ నుదుటి మీద రోజూ ఆ ఎర్ర మరక ఏమిటి అని అడిగింది. డిసెంబరులో స్కూల్లో పిల్లలు నక్షత్రం కడుతుంటే, ఇదేమిటర్రా అని తెలియనట్టు అడుగుతాను. మన కులం ఏమీ మందిరం గుమ్మం దగ్గర ఊడిపోలేదు నాన్నా. ఏ దేవుడికి మొక్కినా, చెరువుగట్టు టీ కొట్లో మీ గ్లాసు విడిగా చూరులో దోపి ఉండేది. నేను చూశాను, దాన్ని మీరే కడిగేవారు. ఆ గ్లాసుకి బదులుగా వచ్చిన ఉద్యోగం ఇది. దీన్ని వదలను.

నాకు మీరు రెండు పేర్లు పెట్టారు. ఇన్నాళ్లూ రెండూ నేనే మోశాను. ఒక్కరోజు మీరు మొయ్యండి.

శాలిని


గట్టులంక
ఏప్రిల్ 27

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పలతకి, నీ ఉద్యోగం నిలబడింది.

నిన్న కాగితం వచ్చింది, ఫిర్యాదు కొట్టేశారు. నీకూ వచ్చే ఉంటుంది. ఇంతకుముందులాగా వందనాలు రాయలేదు, మరిచిపోయి కాదు. ఇకమీదట కవరు మీదా లోపలా ఇలాగే రాస్తాను. నీ పాత ఉత్తరాలన్నీ పొయ్యిలో వేశాను. ఇదీ నువ్వు అలాగే చెయ్యి.

సంఘ సభ్యులం కామన్న ఉత్తరం కోసం ఏప్రిల్ మొదట్లో బెంజమిన్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ వేసి టీ ఇప్పించి, అట్ట మీద రాశారు: "నేను అబద్ధం రాయనండీ. ముందు మీ పేర్లు కొట్టేస్తాను. తరువాత రాసేది నిజమే అవుతుంది." పెద్ద రిజిస్టరు తెచ్చారు. నా పేరు మీదా నీ పేరు మీదా ఎర్ర సిరాతో గీత పెట్టారు. స్కేలు పెట్టి గీశారు, నీటుగా ఉంది. మీ అమ్మ పేరు ముట్టలేదు, చనిపోయినవాళ్లవి కొట్టరట. తరువాత, సభ్యులు కారని ఉత్తరం రాసి చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఏదో అన్నారు. అది మాత్రం రాసి చూపించలేదు.

8వ తేదీన బొట్టు పెట్టుకునే వెళ్లాను. అద్దంలో నేను కాదు, మా తాత తండ్రి ఎవరో కనబడ్డాడు. ఆఫీసరు చిన్నవాడు, మంచివాడు. అరిచి అడిగి లాభం లేక, క్లర్కు చేత కాగితం మీద ప్రశ్నలు రాయించాడు. మీరు క్రైస్తవులా? ఆదివారాలు ప్రార్థనకి వెళతారా? కింద జవాబులకి గీతలు గీసి ఇచ్చాడు. మొదటి గీత మీద కాదు అని రాశాను. రెండో గీత మీద వెళ్లను అని రాశాను. పదమూడేళ్లు గొయ్యిలో ఉన్నాయన సంగతి అప్పుడే గుర్తురావాలా. నాకు పదమూడు నిమిషాలు కూడా పట్టలేదు.

కాగితం తీసుకున్నాక క్లర్కు దాని అంచున ఇంకో మాట రాసి నా వైపు తిప్పాడు. మీ అక్షరాలు చాలా బాగున్నాయండీ, ఎక్కడ నేర్చుకున్నారు అని. విచారణ కాదు, ముచ్చటపడి అడిగాడు. నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. నేను ఏ బడికీ వెళ్లలేదు. మందిరంలో ఆదివారం బళ్లో, ఇసకలో వేలు పెట్టి దిద్దిన అక్షరాలవి.

నువ్వు బాధపడొద్దు. బ్రాకెట్టు నేను పెట్టాను. దోనె చెక్కేటప్పుడు ఒక్క దెబ్బ ఎక్కువ పడిందంటే తప్పు మానుది కాదు. గ్లాసు సంగతి నువ్వు చూశావని ఇన్నాళ్లూ తెలియదు. చూడలేదనుకున్నాను.

మన సీట్లు వేరేవాళ్లకి ఇచ్చారు. స్వెట్టరూ టోపీ నా సీటులో వెళ్లేవాడికే ఇచ్చేశాను. కొండ గురించి తిరిగొచ్చాక చెబుతానన్నాడు, వద్దన్నాను.

ఇక చెప్పాల్సిన వాళ్లు.

భీమడోలు సీతారత్నం అత్తయ్యకి, నా మోకాళ్లు చూసి డాక్టరు కొండలెక్కొద్దన్నాడని చెప్పు. నమ్మదు, అయినా అదే చెప్పు.

పెదవేగి సత్యానందం చిన్నాన్నకి నిజం చెప్పు. వాళ్ల చిన్నాడికీ అలాంటి కాగితమే ఉంది. ఏ శుభకార్యానికీ ఫ్లెక్సీ వేయించొద్దని చెప్పు.

శామ్యూలుకి చెప్పక్కర్లేదు, వాడికి తెలుసు. రిజిస్టరులో మన ఇంటి వరసలో, బతికున్నవాళ్లలో గీత లేని పేరు ఇప్పుడు వాడిదొక్కటే. ఉద్యోగం రాలేదని వాణ్ణి ఎన్ని మాటలన్నానో.

మేధకి చేతిదోనె పంపుతున్నాను. అడిగిన వాళ్లకి బొమ్మ అని చెప్పమను.

సమాధుల తోటలో చోటు రిజిస్టరులో ఉన్నవాళ్లకే కదా. మీ అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్క జాగా ఖాళీగా ఉండిపోతే ఆవిడకే తెలుస్తుంది.

మీ నాన్న